మిస్సోరిలో పల్లె కౌంటీ జైల్లో ఉన్నవాళ్ల వివరాలు ఎక్కడ చూడాలి? అర్జెంట్

వంశీ_వారెన్స్‌బర్గ్ | ఆదివారం ఉదయం 6:10

అందరికీ నమస్కారం. మా పెద్దమ్మ కొడుకు నిన్న సాయంత్రం కాన్సాస్ సిటీ నుంచి డెమోయిన్‌కు కారులో ఒక్కడే బయల్దేరాడు. రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో నాకు ఫోన్ చేసి "హైవే మీద పోలీసులు ఆపారు, మళ్లీ మాట్లాడతా" అని పెట్టేశాడు. అప్పటి నుంచి ఫోన్ వాయిస్ మెయిల్‌కే పోతోంది. చివరిసారి లొకేషన్ కామెరన్ అనే ఊరి దగ్గర చూపించింది. యాక్సిడెంట్ ఏమైనా అయిందా, అరెస్ట్ చేశారా, ఏదీ తెలియడం లేదు. ఖమ్మంలో పెద్దమ్మ రాత్రి నుంచి ఏడుస్తూనే ఉంది. గూగుల్‌లో వెతికితే డబ్బులు అడిగే సైట్లే వస్తున్నాయి. అసలు వివరాలు ఎక్కడ చూడాలో ఎవరైనా చెప్పండి.

పల్నాటి_పవన్ | ఉదయం 6:22

బ్రో, పేరు, వయసు కొడితే అమెరికా మొత్తం రికార్డులు చూపించే సైట్లు ఉన్నాయి. నెలకు ఇరవై ముప్పై డాలర్లు. పేరు ఇక్కడ పెట్టు, నా అకౌంట్‌లో చూసి చెప్తా.

రాంబాబు_కేసీ | ఉదయం 6:31

వంశీ, పేరు ఇక్కడ పెట్టకు. ఆ సైట్లకు డబ్బులు కట్టకు. అవి పాత రికార్డులు పోగేసి అమ్ముకునేవి. నిన్న రాత్రి జరిగిన అరెస్ట్ వాటిలోకి చేరేసరికి చాలా రోజులు పడుతుంది. నీకు కావాల్సిన సమాచారం ఉచితంగానే దొరుకుతుంది, సరైన తలుపు తట్టాలి అంతే.

ముందు ఇది అర్థం చేసుకో. ఇక్కడ మనిషిని ఏ కౌంటీలో (మన జిల్లా లాంటిది) ఆపితే మామూలుగా ఆ కౌంటీ జైలుకే తీసుకెళ్తారు. ఆపింది స్టేట్ హైవే పెట్రోల్ ట్రూపర్ (రాష్ట్ర హైవే పోలీసు) అయినా, ఊరి పోలీస్ అయినా, చివరికి చేర్చేది షెరీఫ్ (కౌంటీ పోలీసు అధికారి) నడిపే జైల్లోనే. మీ అన్నయ్య ఇల్లు ఎక్కడ, కారు రిజిస్ట్రేషన్ ఎక్కడ అన్నది పక్కన పెట్టు. కారు ఆగింది ఏ కౌంటీలో అన్నదే లెక్క. మిస్సోరిలో 114 కౌంటీలు ఉన్నాయి, సెయింట్ లూయిస్ నగరం విడిగా. ఇన్నింటికీ కలిపి ఒకే చోట చూసే జైలు లిస్టు లేదు. ఎవరి జైలు లిస్టు వాళ్లదే. అసలు లిస్టు పెట్టని కౌంటీలూ ఉన్నాయి.

కామెరన్ కొంచెం చిక్కు ఊరు. ఊరు ఒకటే కానీ కౌంటీల సరిహద్దు మీద ఉంది. కొంత క్లింటన్ కౌంటీ, కొంత డీకాల్బ్, ఇంకొంచెం కాల్డ్‌వెల్. ఐ-35 మీద ఉత్తరానికి వెళ్తే కాసేపట్లో డేవిస్ కౌంటీ వచ్చేస్తుంది, ఆ తర్వాత హారిసన్. ఇంకో సంగతి, డేవిస్, డీకాల్బ్ కౌంటీలకు కలిపి ప్యాటన్స్‌బర్గ్‌లో ఒక రీజనల్ జైలు ఉంది. కాబట్టి డీకాల్బ్‌లో పట్టుకున్న మనిషి డేవిస్ కౌంటీలో కనిపించవచ్చు.

ఆపింది హైవే మీద అన్నావు కాబట్టి మొదట మిస్సోరి స్టేట్ హైవే పెట్రోల్ వెబ్‌సైట్‌కు వెళ్లు. అందులో 'అరెస్ట్ రిపోర్ట్స్' అని ఒక పేజీ ఉంటుంది. గత కొద్ది రోజుల్లో ట్రూపర్లు చేసిన అరెస్టులన్నీ పేరు, వయసు, కౌంటీ, టైము, కారణంతో సహా ఉంటాయి. ఎక్కడ ఉంచారో కూడా రాస్తారు. పక్కనే క్రాష్ రిపోర్ట్స్ పేజీ ఉంటుంది. అది కూడా చూడు. యాక్సిడెంట్ కాలేదని తెలిస్తే సగం భయం పోతుంది.

గూగుల్‌లో కామెరన్ జైలు అని కొడితే వెస్టర్న్ మిస్సోరి కరెక్షనల్ సెంటర్ వస్తుంది. అది శిక్ష పడ్డవాళ్లను ఉంచే రాష్ట్ర ప్రభుత్వ జైలు. అక్కడికి ఫోన్ చేసి టైమ్ పోగొట్టుకోకు.

వంశీ_వారెన్స్‌బర్గ్ | ఉదయం 6:48

థాంక్స్ అన్నా. క్రాష్ పేజీలో లేదు. అరెస్ట్ పేజీలో మా ఇంటిపేరుతో వెతికితే ఏమీ రాలేదు. అంటే అరెస్ట్ కాలేదనుకోవచ్చా?

సుధ_ఒమాహా | ఉదయం 6:55

తమ్ముడూ, అప్పుడే అలా అనుకోవద్దు. మనవాళ్ల పేర్లతో వచ్చే తిప్పలు ఇవే. మా కాలేజీలో ఇంటర్నేషనల్ స్టూడెంట్స్ ఆఫీసులో పనిచేస్తూ ఇలాంటివి చాలా చూశాను.

బుకింగ్ చేసే ఆఫీసర్ చేతిలో ఏ కార్డు ఉంటే అందులో ఉన్నట్టే టైప్ చేస్తారు. డ్రైవింగ్ లైసెన్స్ ఉంటే దాన్ని బట్టి, అది లేకపోతే వీసా చూసి, ఏదీ లేకపోతే మనిషి నోటితో చెప్పింది విని. పాస్‌పోర్ట్‌లో రెండు గడుల్లో ఒకటి ఖాళీగా ఉన్నవాళ్లకు వీసా మీద 'ఎఫ్ఎన్‌యూ' (మొదటి పేరు తెలియదు అని అర్థం) అని పడుతుంది కదా, జైలు లిస్టులో కూడా మొదటి పేరు 'ఎఫ్ఎన్‌యూ' అనే ఎక్కుతుంది. ఇక వెంకట సాయి కృష్ణ లాంటి పొడుగు పేరైతే గడిలో పట్టినంత వరకే ఉంచి మిగతాది కత్తిరిస్తారు. ఒక్కోసారి ఇంటిపేరు, సొంత పేరు తారుమారు అవుతాయి. రెండు పదాల ఇంటిపేరును కలిపేస్తారు, లేదా చివరి పదాన్నే ఇంటిపేరుగా తీసుకుంటారు.

అందుకని పూర్తి పేరు కొట్టకు. ఇంటిపేరులో మొదటి మూడు అక్షరాలు మాత్రమే కొట్టు. రాకపోతే సొంత పేరును ఇంటిపేరు గడిలో కొట్టు. లక్ష్మిలో 'ఎక్స్' రాశారా 'కేఎస్‌హెచ్' రాశారా, చౌదరి చివర 'వై' ఉందా 'ఐ' ఉందా, అన్నీ మార్చి చూడు. ఇవన్నీ కుదరకపోతే పేరు వదిలేసి, తేదీ ప్రకారం నిన్నటి అరెస్టులన్నీ ఒక్కొక్కటిగా చూడు. పల్లె కౌంటీల్లో ఒక రాత్రికి పడే పేర్లు కొన్నే ఉంటాయి. కళ్లతో చూస్తే వయసును బట్టి దొరికిపోతాడు.

వంశీ_వారెన్స్‌బర్గ్ | ఉదయం 7:09

దొరికాడు అక్కా! పేరు తిరగేసి రాశారు, రెండో పేరు సగమే ఉంది. వయసు, ఊరు సరిపోయాయి. కారణం దగ్గర వేరే కౌంటీ వారంట్ అని, దాని కింద స్పీడింగ్ అని ఉంది. ఏ జైల్లో ఉంచారో కూడా ఉంది. కానీ ఆ కౌంటీ షెరీఫ్ సైట్‌లో జైలు లిస్టు చూస్తే పేరు లేదు.

మోడరేటర్ | ఉదయం 7:12

వంశీ గారు, మనిషి క్షేమంగా ఉన్నట్టు తెలిసినందుకు సంతోషం. కౌంటీ పేరు, మనిషి పేరు, బుకింగ్ నంబర్ ఇక్కడ రాయకండి. ఈ పేజీలు గూగుల్‌లో వస్తాయి. సహాయం చేయడానికి అవేవీ అవసరం లేదు.

రాంబాబు_కేసీ | ఉదయం 7:20

చాలా మంచిది. మనిషి ఉన్న చోటు తెలిసింది, ముందు పెద్దమ్మకు ఫోన్ చేసి "దెబ్బలేమీ తగల్లేదు, ఎక్కడున్నాడో తెలిసింది" అని చెప్పు.

లిస్టులో లేకపోవడానికి కంగారు పడనక్కర్లేదు. జైలుకు తీసుకెళ్లాక వస్తువులు రాసుకోవడం, వేలిముద్రలు, ఫొటో, ఆరోగ్యం గురించి ప్రశ్నలు, ఇవన్నీ అయ్యాకే కంప్యూటర్‌లో ఎక్కిస్తారు. రాత్రిపూట చిన్న జైల్లో ఒకరో ఇద్దరో డ్యూటీలో ఉంటారు. గంటలు పడుతుంది. పైగా కొన్ని కౌంటీల లిస్టు తనంతట తాను మారదు. రోజుకు ఒకసారి ఎవరో ఒకరు పీడీఎఫ్ పెడితేనే మారుతుంది. శని, ఆదివారాల్లో అది కూడా ఆగిపోవచ్చు. కొన్ని షెరీఫ్ ఆఫీసులు లిస్టును ఫేస్‌బుక్ పేజీలోనో, తమ యాప్‌లోనో మాత్రమే పెడతాయి.

ఇలాంటప్పుడు ఫోనే దారి. షెరీఫ్ ఆఫీసు మామూలు నంబర్‌కు చెయ్యి, 911కు కాదు. పల్లె కౌంటీల్లో డిస్పాచ్, జైలు ఒకే చోట ఉండటం మామూలే, ఆదివారమైనా ఎవరో ఒకరు ఎత్తుతారు. నిదానంగా మాట్లాడు. నువ్వు ఎవరో చెప్పు, పేరు స్పెల్లింగ్ అక్షరం అక్షరంగా చెప్పు, పుట్టిన తేదీ ఇవ్వు. మూడు విషయాలే అడుగు: మనిషి మీ దగ్గర ఉన్నాడా, బాండ్ (బయటికి రావడానికి కట్టే పూచీ) ఎంత, ఏ రకం బాండ్. కేసు గురించి వాదించకు. ఫోన్ ఎత్తిన ఆఫీసర్ చేతిలో అది ఉండదు.

వేరే కౌంటీ వారంట్ అని ఉంది కదా, అది కూడా అడుగు. "ఆ కౌంటీ వాళ్లు వచ్చి తీసుకెళ్తారా, ఇక్కడే బాండ్ కట్టవచ్చా" అని. ఈ రెండింటి మధ్య చాలా తేడా ఉంటుంది.

శైలజ_సెయింట్‌లూయిస్ | ఉదయం 7:41

నేను ఒక లాయర్ ఆఫీసులో పారాలీగల్‌ని. లాయర్‌ని కాను కాబట్టి ఇది సలహాగా కాకుండా సమాచారంగా తీసుకోండి.

వంశీ, మీ అన్నయ్యకు ఎప్పుడైనా టికెట్ పడిందా? మన విద్యార్థుల్లో ఇది చాలా ఎక్కువగా చూస్తున్నాను. మిస్సోరిలో లిమిట్ కన్నా 20 మైళ్లు దాటి నడిపితే అది క్లాస్ బి మిస్‌డిమీనర్, అంటే క్రిమినల్ నేరం. చాలామంది దాన్ని మామూలు ఫైన్ అనుకుని పక్కన పడేస్తారు. కోర్టు తేదీకి వెళ్లరు. జడ్జి వారంట్ ఇస్తారు. ఉత్తరం పాత అడ్రస్‌కు పోతుంది. నెలల తర్వాత ఇంకెక్కడో కారు ఆపినప్పుడు ట్రూపర్ పేరు చెక్ చేస్తే ఆ వారంట్ బయటపడుతుంది.

ఇది తెలుసుకోవడానికి మిస్సోరి కోర్టుల 'కేస్.నెట్' ఉంది. ఉచితం. పేరుతో వెతికితే రాష్ట్రంలో ఏ కౌంటీలో ఏ కేసు ఉందో వస్తుంది. ఇక్కడ కూడా సుధ గారు చెప్పిన స్పెల్లింగ్ చిట్కాలు పనికొస్తాయి. కేసు తెరిచి డాకెట్ (కేసులో జరిగినవాటి చిట్టా) చూస్తే వారంట్ ఎప్పుడు ఇచ్చారో, బాండ్ ఎంతో ఉంటుంది. 2023 జూలై 1 నుంచి దాఖలైన పత్రాల్లో బయటివాళ్లు చూడదగ్గవి ఇంటి నుంచే తెరిచి చదవచ్చు. అంతకు ముందు కోర్టు హౌస్‌కు వెళ్లి అక్కడి కంప్యూటర్‌లో చూడాల్సి వచ్చేది.

టైము గురించి. వారంట్ లేకుండా పట్టుకుంటే మిస్సోరి చట్టం ప్రకారం 24 గంటల్లోపు కేసు పెట్టాలి, లేదా వదిలేయాలి. మీ అన్నయ్యది వారంట్ మీద అరెస్ట్ కాబట్టి ఈ 24 గంటల నియమం వర్తించదు. కానీ బాండ్ కట్టలేక లోపలే ఉంటే, వారంట్ ఇచ్చిన కౌంటీ జైలుకు చేరాక 48 గంటల్లో జడ్జి ముందుకు తేవాలని మిస్సోరి సుప్రీం కోర్టు రూల్స్ చెబుతాయి. అందులో శని, ఆదివారాలు, సెలవులు లెక్కలోకి రావు.

పల్నాటి_పవన్ | ఉదయం 8:02

వాళ్ల సైట్‌లో ఫొటో కూడా పెడతారు కదా. అది దొరికితే కాన్సాస్ సిటీ తెలుగు వాట్సాప్ గ్రూపులో పెడితే ఎవరో ఒకరు వెంటనే వెళ్లి బయటికి తెస్తారు. దాచిపెడితే సాయం ఎలా వస్తుంది?

సుధ_ఒమాహా | ఉదయం 8:10

పవన్ గారూ, మీ ఉద్దేశం మంచిదే, కానీ దయచేసి ఆ పని చేయవద్దు. ఆ ఫొటో గ్రూపుల నుంచి గ్రూపులకు పోయి, ఖమ్మంలో ఆ ఇంటి పక్కవాళ్ల ఫోన్‌కు చేరడానికి గంట చాలు. కేసు రేపు కొట్టేసినా ఆ ఫొటో ఎవరూ వెనక్కి తీసుకోరు. పెళ్లి సంబంధాల దగ్గర, ఉద్యోగం దగ్గర అదే తిరిగొస్తుంది. అరెస్ట్ అంటే నేరం చేశాడని తేలినట్టు కాదు. సాయానికి "ఫలానా ప్రాంతంలో లాయర్ కావాలి" అని అడిగితే సరిపోతుంది.

జైలు ఫొటోలు ఎత్తుకుపోయి తమ సైట్లలో పెట్టి, తీసేయడానికి డబ్బులు గుంజే వ్యాపారం ఒకటి నడిచింది. ఇప్పటికీ కొన్ని ఉన్నాయి. జార్జియాలో 2013లో దాని మీద చట్టం చేశారు, కేసు కొట్టేశాక ఆ మనిషి రాసి అడిగితే 30 రోజుల్లో ఉచితంగా తీసేయాలి. తర్వాత చాలా రాష్ట్రాలు అలాంటి చట్టాలే తెచ్చాయి. యూటా 2021 నుంచి శిక్ష పడేదాకా ఫొటో బయటపెట్టడమే ఆపింది.

పల్నాటి_పవన్ | ఉదయం 8:15

సరే అక్కా, అర్థమైంది. కానీ మరి ప్రభుత్వమే ఎందుకు పెడుతుంది ఇవన్నీ? పూర్తిగా మూసేస్తే పోదా?

రాంబాబు_కేసీ | ఉదయం 8:34

పవన్, పూర్తిగా మూసేస్తే ఈ రోజు వంశీ పరిస్థితి ఏమయ్యేదో ఆలోచించు. మనిషి రాత్రి మాయమైతే పొద్దున్నే ఏడింటికల్లా ఎక్కడున్నాడో తెలిసింది. పోలీసులు ఎవరినైనా పట్టుకుపోయి "మా దగ్గర లేడు" అనలేని పరిస్థితి ఉండాలంటే ఆ పేర్లు జనానికి కనిపించాలి. నేను ఈ విషయంలో గట్టిగా ఉంటాను. పేరు, తేదీ, కారణం, బాండ్ తెరిచే ఉండాలి. అవి లోపల ఉన్నవాడికి రక్ష. ఫొటో వల్ల కుటుంబానికి దక్కేదేమీ లేదు, అది ఆపినా నష్టం లేదు.

మన దగ్గరా ఈ ఆలోచన ఉంది. 2010లో అమల్లోకి వచ్చిన సీఆర్‌పీసీ (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 41సీ ప్రకారం జిల్లా పోలీస్ కంట్రోల్ రూమ్ బయట నోటీసు బోర్డు మీద అరెస్ట్ అయినవాళ్ల పేర్లు, అడ్రసులు పెట్టాల్సి ఉండేది. ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ 37వ సెక్షన్‌లో పోలీస్ స్టేషన్లలో కూడా, డిజిటల్‌గా కూడా చూపించాలని ఉంది.

మిస్సోరిలో దీనికి సన్‌షైన్ లా అంటారు. అరెస్ట్ రిపోర్ట్ ఎవరు అడిగినా ఇవ్వాల్సిన పత్రం. రాసి అడిగితే మూడు పని దినాల్లో జవాబు చెప్పాలి, మామూలు కాగితానికి పేజీకి 10 సెంట్లు దాటి తీసుకోకూడదు. అరెస్ట్ చేసి 30 రోజుల్లో కేసు పెట్టకపోతే ఆ రిపోర్ట్ మూసేయాలని కూడా అదే చట్టం చెబుతుంది. చాలామంది ఎఫ్ఓఐఏ (అమెరికా కేంద్ర సమాచార హక్కు చట్టం) కింద కౌంటీకి అప్లికేషన్ పెడతారు. అది కేంద్ర ప్రభుత్వ ఆఫీసులకు మాత్రమే. కౌంటీని అడగాలంటే ఆ రాష్ట్ర చట్టం పేరే రాయాలి.

విశ్రాంత_ఉపాధ్యాయుడు_ఖమ్మం | ఉదయం 8:50

బాబూ వంశీ, నేను మీకు తెలిసినవాడిని కాను, మా అబ్బాయి కూడా ఆ దేశంలోనే ఉన్నాడు, అందుకని చదువుతున్నాను. ఇక్కడి నుంచి ఆ షెరీఫ్ వెబ్‌సైట్ తెరవబోతే రావడం లేదు. తల్లిదండ్రులు నేరుగా చూసుకునే వీలు లేదా? పోలీసులు పట్టుకుంటే మన రాయబార కార్యాలయానికి వాళ్లే చెబుతారని విన్నాను, నిజమేనా?

శైలజ_సెయింట్‌లూయిస్ | ఉదయం 9:05

మాస్టారూ నమస్కారం. కొన్ని కౌంటీల సైట్లు అమెరికా బయటి నుంచి తెరుచుకోవు, భద్రత కోసం అలా పెట్టుకుంటారు. ఇక్కడున్న ఎవరినైనా చూసి చెప్పమనడమే సులువు. వైన్‌లింక్ అని ఇంకొకటి ఉంది. 1993లో కెంటకీలో ఒక అమ్మాయిని, జైలు నుంచి వదిలేసిన నిందితుడు ఆమెకు తెలియకుండా వచ్చి చంపేశాడు. ఆ తర్వాత బాధితులకు కబురు చెప్పడానికి పెట్టిన ఏర్పాటు ఇది. ఇప్పుడు చాలా రాష్ట్రాల కౌంటీ జైళ్లు అందులో ఉన్నాయి. మిస్సోరిలో దాన్ని మోవాన్స్ అంటారు. రాష్ట్రం ఎంచుకుని పేరు కొడితే లోపల ఉన్నాడా, విడుదలయ్యాడా చెబుతుంది. మనిషి ఒక జైలు నుంచి ఇంకో జైలుకు మారినప్పుడు ఇది బాగా పనికొస్తుంది.

రాయబార కార్యాలయం సంగతి. 1963 వియన్నా ఒప్పందం 36వ ఆర్టికల్ ప్రకారం, అరెస్ట్ చేసిన విదేశీయుడికి "మీ కాన్సులేట్‌కు చెప్పమంటారా" అని ఆలస్యం చేయకుండా అడగాలి. కొన్ని దేశాలవాళ్ల విషయంలో మనిషి వద్దన్నా సరే చెప్పి తీరాలి. ఆ జాబితాలో ఇండియా లేదు. అంటే మన పిల్లవాడు అడిగితేనే కబురు వెళ్తుంది. పిల్లలు బయల్దేరేటప్పుడే ఈ ఒక్క మాట చెప్పి పంపండి. మిస్సోరి మన చికాగో కాన్సులేట్ కిందికి వస్తుంది. కుటుంబం కూడా నేరుగా వాళ్లకు ఈమెయిల్ పెట్టవచ్చు. కాన్సులేట్ వాళ్లు బాండ్ కట్టరు, కేసు వాదించరు. మనిషిని కలవడం, లాయర్ల జాబితా ఇవ్వడం, కుటుంబానికి కబురు చెప్పడం చేస్తారు.

యూనివర్సిటీని అడిగినా చదువు రికార్డుల గోప్యత చట్టం వల్ల తల్లిదండ్రులకు చాలా విషయాలు చెప్పలేరు. అందుకని అక్కడికి ఫోన్ చేసి కోప్పడి లాభం లేదు.

కిరణ్_డెట్రాయిట్ | ఉదయం 9:31

మాస్టారి ప్రశ్న చూసి రాస్తున్నాను. 2019 జనవరి చివర్లో, ఇమిగ్రేషన్ వాళ్లే వలగా పెట్టిన నకిలీ ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారంలో 129 మంది మన దేశపు విద్యార్థులను పట్టుకున్నారు, అందులో ఎక్కువమంది తెలుగువాళ్లు. ఇమిగ్రేషన్ వాళ్లు తమ సొంత డిటెన్షన్ సెంటర్లతో పాటు కౌంటీ జైళ్లలోనూ చోటు అద్దెకు తీసుకుంటారు. మిషిగన్‌లో కాల్‌హూన్, మన్రో కౌంటీ జైళ్లలో మన పిల్లలు ఉన్నారని తెలిసే వరకు ఇళ్లలో నిద్ర లేదు. కౌంటీ లిస్టులో అలాంటివాళ్ల పేర్లు ఒక్కోసారి కనబడవు, ఎందుకంటే వాళ్లు కౌంటీ ఖైదీలు కారు.

ఇమిగ్రేషన్ కస్టడీ అని అనుమానం ఉంటే ఐస్ (ఇమిగ్రేషన్ అరెస్టులు చేసే కేంద్ర విభాగం) వాళ్ల ఆన్‌లైన్ డిటైనీ లొకేటర్‌లో చూడాలి. ఏ-నంబర్ (ఇమిగ్రేషన్ వాళ్లు ఇచ్చే నంబర్) ఉంటే ఆ నంబర్, పుట్టిన దేశం చాలు. లేకపోతే పేరు, దేశం కొట్టాలి. ఇక్కడ పేరు అక్షరం తప్పకుండా సరిపోవాలి, మూడు అక్షరాల చిట్కా పనిచేయదు. 18 ఏళ్ల లోపువాళ్లు అందులో రారు.

వంశీ, జైలుకు ఫోన్ చేసినప్పుడు "ఇమిగ్రేషన్ హోల్డ్ ఉందా" అని కూడా అడుగు. ఉంటే బాండ్ కట్టే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడాలి. కౌంటీ బాండ్ కట్టిన తర్వాత కూడా ఇంకో 48 గంటల దాకా ఆపి ఉంచమని ఐస్ కోరవచ్చు.

వంశీ_వారెన్స్‌బర్గ్ | ఉదయం 10:15

జైలుకు ఫోన్ చేశాను. ఆవిడ చాలా ఓపిగ్గా మాట్లాడింది. అన్నయ్య అక్కడే ఉన్నాడు, ఆరోగ్యంగా ఉన్నాడు. ఇమిగ్రేషన్ హోల్డ్ లేదు. శైలజ గారు చెప్పినట్టే అయింది. పోయిన ఏడాది ఐ-70 మీద పడిన స్పీడింగ్ టికెట్, కోర్టుకు వెళ్లలేదు. కేస్.నెట్‌లో కూడా కనిపించింది. బాండ్ ఇక్కడే కట్టవచ్చట, 'క్యాష్ ఓన్లీ' అంది. కొత్త స్పీడింగ్‌కు టికెట్ ఇచ్చారు, దానికి బాండ్ లేదు. ఇప్పుడు లిస్టులో కూడా పేరు వచ్చింది, కానీ ఒక వరుసలో బాండ్ 0.00 అని ఉంది. అంటే ఏమిటి?

ఇంకొకటి. ఇప్పుడే పెద్దమ్మకు ఎవరో ఫోన్ చేశారట. షెరీఫ్ ఆఫీసు నుంచి అని, వెంటనే రెండు వేల డాలర్లు పంపితే వదిలేస్తామని ఇంగ్లీషులో చెప్పారట. వీళ్లకు ఆవిడ నంబర్ ఎలా వెళ్లింది?

రాంబాబు_కేసీ | ఉదయం 10:21

పైసా కూడా పంపవద్దని పెద్దమ్మకు ఇప్పుడే చెప్పు. ఏ షెరీఫ్ ఆఫీసూ ఫోన్ చేసి డబ్బు అడగదు. జైలు లిస్టు చూసి, సోషల్ మీడియాలో ఇంటివాళ్లను పట్టుకుని ఫోన్ చేసే దొంగలు ఉన్నారు. పేరు, బుకింగ్ తేదీ, కారణం అన్నీ కరెక్ట్‌గా చెబుతారు, అందుకే జనం నమ్ముతారు. గిఫ్ట్ కార్డ్, జెల్ (డబ్బు పంపే యాప్), క్రిప్టో అని ఎవరడిగినా ఫోన్ పెట్టేసి, నువ్వు పొద్దున మాట్లాడిన నంబర్‌కే తిరిగి చెయ్యి.

బాండ్ 0.00 అంటే ఉచితంగా వదిలేస్తారని కాదు. ఆ కేసుకు బాండ్ పెట్టలేదని కావచ్చు, ఇంకా నిర్ణయించలేదని కావచ్చు, అసలు బాండే ఇవ్వరని కూడా కావచ్చు. నీ విషయంలో అది కొత్త టికెట్ వరుసే అయి ఉంటుంది, అయినా వెళ్లినప్పుడు అడిగి నిర్ధారించుకో.

క్యాష్ ఓన్లీ అంటే మొత్తం డబ్బు కట్టాలి, బాండ్స్‌మన్ (ఫీజు తీసుకుని పూచీ ఇచ్చే వ్యాపారి) పనికిరాడు. ష్యూరిటీ అని ఉంటే బాండ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు, మామూలుగా పది శాతం తీసుకుంటాడు, అది తిరిగి రాదు. క్యాష్ బాండ్ అయితే కేసు అయ్యాక జరిమానా, కోర్టు ఖర్చులు పోను మిగిలింది రావచ్చు. రసీదు మీద ఎవరి పేరు రాస్తారో చూసుకో. కార్డు తీసుకుంటారా, నోట్లే కావాలా కూడా ఫోన్‌లో అడిగాకే బయల్దేరు. ఆదివారం ఆ ఊళ్లలో బ్యాంకులు ఉండవు.

శైలజ_సెయింట్‌లూయిస్ | ఉదయం 10:30

అన్నయ్య జైలు నుంచి ఫోన్ చేస్తే కేసు గురించి ఒక్క మాట కూడా అడగవద్దు. ఆ కాల్స్ రికార్డ్ అవుతాయి. తెలుగులో మాట్లాడినా రికార్డే. క్షేమం అడుగు, వస్తున్నానని చెప్పు, చాలు. తెలియని నంబర్, రికార్డు చేసిన గొంతు వినిపిస్తే కట్ చేయవద్దు, అది జైలు ఫోన్ కంపెనీ కాల్ కావచ్చు.

వంశీ_వారెన్స్‌బర్గ్ | సాయంత్రం 5:40

అన్నయ్య నా పక్కనే ఉన్నాడు, కారు కూడా టోయింగ్ యార్డ్ నుంచి తెచ్చుకున్నాం. మూడు వారాల తర్వాత పాత కౌంటీలో కోర్టు తేదీ ఇచ్చారు. పెద్దమ్మతో వీడియోలో మాట్లాడించాను. మీ అందరికీ మా ఇంట్లోవాళ్లు దండాలు చెప్పమన్నారు. ఇప్పుడు జైలు లిస్టులో పేరు తీసేశారు. మరి రికార్డు పూర్తిగా పోయినట్టేనా? అన్నయ్య వచ్చే ఏడాది వీసా స్టాంపింగ్‌కు వెళ్లాలి.

శైలజ_సెయింట్‌లూయిస్ | రాత్రి 8:12

చాలా సంతోషం వంశీ. రికార్డు పోలేదు. లిస్టు అన్నది ఇప్పుడు లోపల ఎవరున్నారో చెప్పేది మాత్రమే. అరెస్ట్, వేలిముద్రలు, కోర్టు కేసు వేరే చోట్ల ఉంటాయి. వీసా దరఖాస్తు డీఎస్-160 ఫారంలో "ఎప్పుడైనా అరెస్ట్ అయ్యారా" అనే ప్రశ్న ఉంటుంది. శిక్ష పడిందా లేదా అన్నదాంతో పని లేకుండా అవునని రాసి, కాగితాలు చూపించాలి.

అందుకని కోర్టు తేదీకి లాయర్‌తో వెళ్లండి. చిన్న టికెట్టే కదా అని ప్రాసిక్యూటర్ ఇచ్చిన కాగితం మీద అక్కడికక్కడే సంతకం పెట్టవద్దు. మిస్సోరిలో ఎస్ఐఎస్ అని ఒకటి ఉంది. నేరం ఒప్పుకుని ప్రొబేషన్ పూర్తి చేస్తే రాష్ట్రం దాన్ని శిక్షగా లెక్కపెట్టదు, రికార్డు కూడా మూసేస్తారు. కానీ ఇమిగ్రేషన్ చట్టంలో నేరం ఒప్పుకుని, ఏ రకమైన ఆంక్ష పడినా అది శిక్ష కిందికే వస్తుంది. స్పీడింగ్ వరకైతే పెద్దగా ఇబ్బంది ఉండకపోవచ్చు. దొంగతనం, మత్తుమందులు, గృహహింస కేసుల్లో ఇదే తేడా జీవితాన్ని మార్చేస్తుంది. ఒప్పుకుంటే ఇమిగ్రేషన్ మీద ఏం ప్రభావం పడుతుందో లాయర్ చెప్పి తీరాలని 2010లో పడియా వర్సెస్ కెంటకీ కేసులో అమెరికా సుప్రీం కోర్టు చెప్పింది. మీరే గుర్తుచేసి అడగండి.

కేసు ముగిసిన రోజే ఆ కౌంటీ సర్క్యూట్ క్లర్క్ దగ్గర సీలు వేసిన డిస్పొజిషన్ (కేసు ఎలా ముగిసిందో చెప్పే కాగితం) కాపీలు రెండు మూడు తీసుకోండి. రికార్డు మూసేశాక కేస్.నెట్‌లో కేసు కనిపించదు, అప్పుడు కాపీ కోసం మళ్లీ గుర్తింపు కాగితాలతో తిరగాలి. అరెస్ట్ రిపోర్ట్ కాపీ షెరీఫ్ ఆఫీసును లేదా హైవే పెట్రోల్‌ను ఇప్పుడే రాసి అడగండి.

నవ్య_రిచ్‌మండ్ | సోమవారం ఉదయం 7:05

ఇదే సమస్య వర్జీనియాలో వస్తే ఎక్కడ చూడాలి? ఐ-81 మీద మా ఫ్రెండ్‌కు రెక్‌లెస్ డ్రైవింగ్ రాశారు, వదిలేశారు కానీ భయంగా ఉంది. కౌంటీ సైట్‌లో జైలు లిస్టే లేదు.

రాంబాబు_కేసీ | ఉదయం 7:30

నవ్యా, వర్జీనియాలో చాలా కౌంటీలు సొంత జైలు పెట్టుకోకుండా నాలుగైదు కలిసి ఒక రీజనల్ జైలు నడుపుతాయి. కౌంటీ పేరుతో పాటు రీజనల్ జైల్ అని వెతుకు. అక్కడ 38 ఇండిపెండెంట్ సిటీలు ఏ కౌంటీలోనూ ఉండవు, చాలావాటి కోర్టులు వేరు, అందుకని టికెట్ మీద కోర్టు పేరే చూడు. మీ ఫ్రెండ్‌ను వదిలేశారు కాబట్టి జైలు లిస్టుతో పని లేదు. జనరల్ డిస్ట్రిక్ట్ కోర్టుల ఆన్‌లైన్ కేస్ సైట్‌లో ఆ కోర్టు ఎంచుకుని పేరు కొట్టండి, తేదీ కనిపిస్తుంది. లిమిట్ కన్నా 20 మైళ్లు, లేదా మొత్తం మీద 85 దాటితే అక్కడ అది క్లాస్ 1 మిస్‌డిమీనర్, 12 నెలల దాకా జైలు, 2,500 డాలర్ల దాకా జరిమానా వేయవచ్చు. తేదీ మాత్రం తప్పిపోనివ్వకండి. ఆ కౌంటీ కోర్టులో రోజూ వాదించే లాయర్‌ను ఈ వారమే మాట్లాడుకోమని చెప్పు.